వోల్టులు, ఆంపియర్లు తెలిస్తే నిరోధం, వాట్లు లెక్కగట్టడం ఎలా

ఇంట్లో కరెంటుతో నడిచే ఏ వస్తువుకైనా ఎన్ని వోల్టులు అందుతున్నాయి, అది ఎన్ని ఆంపియర్లు లాగుతోంది, ఈ రెండు అంకెలు తెలిస్తే చాలు, దాని నిరోధం ఎంతో, అది ఎన్ని వాట్లు తింటోందో మనమే రాబట్టుకోవచ్చు. పదో తరగతిలో అందరం చదివిందే, పరీక్ష అయిపోగానే వదిలేసిందే. కానీ కొత్త ఫ్లాట్‌లో వైరింగ్ చేయించేటప్పుడు, గీజర్ ప్లగ్గు నల్లబడినప్పుడు, ఇన్వర్టర్‌కి బ్యాటరీ కొనేటప్పుడు అక్కరకొచ్చేది సరిగ్గా ఆ రెండు లైన్లే.

నిరోధం = వోల్టులు ÷ ఆంపియర్లు (జవాబు ఓమ్‌లలో)
పవర్ = వోల్టులు × ఆంపియర్లు (జవాబు వాట్లలో)

మొదటిదాన్ని జర్మనీకి చెందిన గేయార్గ్ ఓమ్ 1827లో ప్రచురించాడు. వైరులో పుట్టే వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుందని జేమ్స్ జూల్ 1840ల మొదట్లో ప్రయోగం చేసి చూపించాడు. ఈ రెండో మాట గుర్తుపెట్టుకోండి, ఇళ్ళలో ప్లగ్గులు కాలిపోవడం వెనకున్న లెక్క అదే, దాని దగ్గరికే వెళ్తున్నాం.

ముందు ఒక ఇస్త్రీ పెట్టె లెక్క చేద్దాం. దాని మీద 1000 వాట్లు అని రాసి ఉంది. వేడెక్కుతున్నప్పుడు కొలిస్తే 221 వోల్టులు, 4.2 ఆంపియర్లు వచ్చాయి అనుకోండి. 221ని 4.2తో భాగిస్తే 52.6 ఓమ్‌లు. 221ని 4.2తో గుణిస్తే 928 వాట్లు. మరి పెట్టె మీద 1000 అని ఉంటే 928 ఏమిటి అంటారా, ఆ 1000 అనేది సరిగ్గా 230 వోల్టులు అందినప్పటి మాట. 1000 వాట్లని 230తో భాగిస్తే 4.35 ఆంపియర్లు, 230ని 4.35తో భాగిస్తే 52.9 ఓమ్‌లు. మనం కొలిచింది 52.6. అంటే పెట్టె బాగానే ఉంది, వోల్టులే కాస్త తక్కువ అందుతున్నాయి.

ఇక్కడ పట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. గీజర్, ఇస్త్రీ పెట్టె, నీళ్ళు కాచే రాడ్డు, ఎలక్ట్రిక్ కెటిల్ లాంటి వేడి చేసే వస్తువుల్లో స్థిరంగా ఉండేది నిరోధం, వాట్లు కాదు. లోపల ఉన్న నైక్రోమ్ తీగ చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా నిరోధం కొద్ది శాతమే మారుతుంది. వోల్టులు తగ్గితే ఆంపియర్లు తగ్గుతాయి, రెండూ తగ్గితే వాట్లు ఇంకా గట్టిగా పడిపోతాయి. 2000 వాట్ల గీజర్ నిరోధం 26.45 ఓమ్‌లు. చలికాలంలో పొద్దున్నే కాలనీ అంతా ఒకేసారి గీజర్లు వేసే టైముకి మీ ఇంట్లో వోల్టేజీ 190కి పడిందనుకోండి. 190ని 26.45తో భాగిస్తే 7.18 ఆంపియర్లు, దాన్ని మళ్ళీ 190తో గుణిస్తే 1365 వాట్లు. వోల్టేజీ తగ్గింది 17 శాతమే, వేడి తగ్గింది 32 శాతం. 15 లీటర్ల నీళ్ళు 22 డిగ్రీల నుంచి 55కి రావాలంటే మామూలుగా 17 నిమిషాలు చాలు, ఆ రోజు 25 నిమిషాలు పడుతుంది. గీజర్ పాడైందని మెకానిక్‌ని పిలిచే ముందు వోల్టులు చూడండి. బిల్లు మాత్రం పెద్దగా మారదు, ఎందుకంటే ఆ నీళ్ళకి కావలసిన వేడి అంతే, ఎలా కాచినా 0.58 యూనిట్ దగ్గర్లోనే పడుతుంది. 1000 వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్.

పై రెండు సూత్రాలని కలిపితే ఇంకో రెండు వస్తాయి.

పవర్ = వోల్టులు × వోల్టులు ÷ నిరోధం
పవర్ = ఆంపియర్లు × ఆంపియర్లు × నిరోధం

చాలామంది ఇక్కడే తికమక పడతారు. ఒకదాంట్లో నిరోధం పెరిగితే పవర్ తగ్గుతోంది, ఇంకోదాంట్లో నిరోధం పెరిగితే పవర్ పెరుగుతోంది, ఏది నిజం? రెండూ నిజమే, వాడే చోటు వేరు. వస్తువుకి మొదటిది వాడండి, ఎందుకంటే దాని రెండు చివర్ల మధ్య ఎన్ని వోల్టులు ఉన్నాయో మనకి తెలుసు. వైరుకి, ప్లగ్గు పిన్నుకి, జాయింటుకి రెండోది వాడండి, ఎందుకంటే అక్కడ మనకి తెలిసింది ఆంపియర్లే. వైరు ఈ చివర నుంచి ఆ చివరకి 230 వోల్టులు ఉండవు, ఉంటే గింటే రెండో మూడో వోల్టులు ఉంటాయి. వైరు లెక్కలో 230 పెట్టారా, జవాబు మొత్తం తప్పే.

కొలవడం ఎలా

తీగ ముట్టుకోకుండా కొలిచే పద్ధతి ఒకటుంది, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. మీ ఇంటి ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. దాని పక్కనే ఒక యూనిట్‌కి అది ఎన్నిసార్లు వెలుగుతుందో అంకె అచ్చు వేసి ఉంటుంది, 3200 అని చాలా మీటర్ల మీద కనిపిస్తుంది, మీ దాని మీద ఏముందో చూసుకోండి. ఇంట్లో అన్నీ ఆపేసి, ఫ్రిజ్ కూడా ఆపేసి, ఒక్క ఇస్త్రీ పెట్టె మాత్రం వేయండి. ఒకరు పైన పెట్టె మీద లైటు వెలుగుతూ ఉందా అని చూస్తుండాలి (థర్మోస్టాట్ ఆపేస్తే లెక్క పాడవుతుంది), ఇంకొకరు కింద మీటరు దగ్గర ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని నిమిషంలో ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టాలి. 50 సార్లు అనుకోండి. గంటకి 3000, దాన్ని 3200తో భాగిస్తే 0.937, అంటే 937 వాట్లు. చాలా మీటర్లలో బటన్ నొక్కుతూ పోతే స్క్రీన్ మీద వోల్టులు కూడా వస్తాయి. 937ని ఆ వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వచ్చేసినట్టే.

నేరుగా ఆంపియర్లు చూడాలంటే క్లాంప్ మీటరు మంచిది. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో అన్ని రకాలూ దొరుకుతాయి. దాని దవడ తెరిచి వైరు చుట్టూ వేయాలి, తీగ కోయక్కర్లేదు. కానీ ఇస్త్రీ పెట్టె త్రాడు మొత్తాన్ని దవడలో పెడితే సున్నా చూపిస్తుంది, మీటరు పాడైపోయిందని అనుకోకండి. ఆ త్రాడులో ఒక తీగలో వెళ్ళే కరెంటు ఇంకో తీగలో తిరిగొస్తోంది, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఫేజు తీగ ఒక్కటే దవడలో ఉండాలి. అందుకని ఎలక్ట్రీషియన్ చేత ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ చేయించుకోండి, పైన తొడుగు కొంచెం మేర తీసేసి లోపలి మూడు తీగలూ విడివిడిగా, వాటి ప్లాస్టిక్ చెక్కుచెదరకుండా బయటికి కనపడేలా. ఇవేవీ వద్దనుకుంటే ప్లగ్గుకీ సాకెట్‌కీ మధ్య గుచ్చే డిజిటల్ మీటర్లు వస్తున్నాయి, వోల్టులు, ఆంపియర్లు, వాట్లు అన్నీ అదే చూపిస్తుంది. కొనేటప్పుడు అది 16 ఆంపియర్లు తట్టుకుంటుందో లేదో అడగండి.

మామూలు మల్టీమీటరుతో ఇంటి కరెంటులో ఆంపియర్లు కొలిచే పని పెట్టుకోకండి, ఇది గట్టిగానే చెప్తున్నాను. ఆంపియర్లు కొలిచేటప్పుడు మీటరు లోపల నిరోధం దాదాపు సున్నా. ఎర్ర ప్రోబు (కొలిచే తీగ) 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండగానే మర్చిపోయి సాకెట్‌లో గుచ్చితే అది నేరుగా షార్ట్ సర్క్యూట్, చవక మీటర్లలో ఆ రంధ్రానికి ఫ్యూజు కూడా ఉండదు, చేతిలోనే పేలుతుంది. వోల్టులు కొలవండి, ఓమ్‌లు కొలవండి, ఓమ్‌లు మాత్రం ప్లగ్గు పూర్తిగా పీకేశాకే.

ఈ లెక్క ఎక్కడ కుదరదు

పాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బు ఇంట్లో ఎక్కడైనా ఉంటే తీసి మల్టీమీటరుతో ఓమ్‌లు చూడండి. 40 దగ్గర చూపిస్తుంది. 230ని 40తో భాగిస్తే 5.75 ఆంపియర్లు, అంటే 1300 వాట్లు దాటాలి! కానీ వెలుగుతున్నప్పుడు అది లాగేది 0.43 ఆంపియర్లే, అంటే నిరోధం 529 ఓమ్‌లు. టంగ్‌స్టన్ తీగ 2500 డిగ్రీల దగ్గరకి వేడెక్కేసరికి నిరోధం పదింతలకి పైగా పెరిగిపోతుంది. స్విచ్ వేసిన క్షణంలో, తీగ ఇంకా చల్లగా ఉండగా, కరెంటు ఒక్కసారిగా దూసుకొస్తుంది. అందుకే అలాంటి బల్బులు ఎక్కువగా స్విచ్ వేసేటప్పుడే ఠప్పున పోయేవి. కాబట్టి నడుస్తున్న వస్తువు నిరోధం కావాలంటే నడుస్తుండగానే వోల్టులు, ఆంపియర్లు కొలిచి భాగించాలి, ఆపేసి ఓమ్‌లు చూస్తే వచ్చేది వేరే అంకె.

ల్యాప్‌టాప్ ఛార్జర్, ఎల్‌ఈడీ టీవీ, ఇన్వర్టర్ ఏసీ, వీటికి నిరోధం అని లెక్క కట్టడమే దండగ. వీటిలో సర్క్యూటు తనకి కావలసిన వాట్లు తను తీసుకుంటుంది, వోల్టులు తగ్గితే ఆంపియర్లు ఇంకా ఎక్కువ లాగుతుంది. గీజర్‌కి పూర్తిగా ఉల్టా. వేసవి రాత్రుల్లో ఒకవైపు వోల్టేజీ పడిపోతుంటే ఇంకోవైపు ఏసీ వైరు ఎక్కువ వేడెక్కడానికి కారణం ఇదే.

మోటార్లకీ, చవక ఎల్‌ఈడీ బల్బులకీ ఇంకో ఇబ్బంది ఉంది. వోల్టులు, ఆంపియర్లు గుణిస్తే వచ్చేది వాట్లు కాదు, వోల్ట్-ఆంపియర్లు. దాన్ని పవర్ ఫ్యాక్టర్‌తో (లాగినదాంట్లో నిజంగా వాడుకునే వంతు) గుణిస్తేనే అసలు వాట్లు. 9 వాట్ల బల్బు 0.078 ఆంపియర్లు లాగుతోందనుకోండి, 230తో గుణిస్తే 18 వస్తుంది. పవర్ ఫ్యాక్టర్ 0.5 కాబట్టి అది నిజంగా తినేది 9 వాట్లే, ఇంటి మీటరు యూనిట్లు లెక్కేసేదీ ఆ 9 వాట్లకే. బోరు మోటారు మీద ఒక హార్స్‌పవర్ అని ఉంటే 746 వాట్లు, 230తో భాగిస్తే 3.2 ఆంపియర్లే కదా అని సన్న వైరు వేయించకండి. ఆ 746 అనేది మోటారు బయటికి ఇచ్చే పని, లోపల నష్టాలూ పవర్ ఫ్యాక్టరూ కలిపితే సింగిల్ ఫేజు మోటారు దాదాపు రెట్టింపు ఆంపియర్లు లాగుతుంది. దాని మీదున్న ప్లేటు మీద ఆంపియర్లు రాసి ఉంటాయి, అదే చూడండి.

గోడలో ఉన్న నిరోధం

ఇదంతా రాస్తున్నది అసలు దీని కోసమే. వస్తువు నిరోధం లెక్కకట్టడం తేలిక, కానీ ప్రమాదం ఉండేది వస్తువులో కాదు, దాని దాకా వచ్చే దారిలో. ఆ దారి నిరోధం కూడా ఇవే వోల్టులు, ఆంపియర్లతో పట్టుకోవచ్చు.

ఒకే లైను మీద పక్కపక్కన రెండు సాకెట్లు ఉన్న బోర్డు తీసుకోండి. ఒకదాంట్లో 1500 వాట్ల నీళ్ళు కాచే రాడ్డు బకెట్‌లో పెట్టి సిద్ధంగా ఉంచండి, రెండోదాంట్లో ప్లగ్గులా గుచ్చే వోల్ట్ మీటరు. రాడ్డు ఆపి ఉన్నప్పుడు 228 వోల్టులు. రాడ్డు వేయగానే 219. కరెంటు 6.2 ఆంపియర్లు. అంటే 9 వోల్టులు దారిలో ఎక్కడో పోయాయి. అన్నీ మన ఇంట్లోనే పోలేదు, వీధి స్తంభం నుంచి మీటరు దాకా ఉన్న తీగలో కొన్ని పోతాయి. అది తేల్చడానికి రాడ్డు నడుస్తుండగానే వేరే లైను మీదున్న ఇంకో గదిలో చూడండి. అక్కడ 225 ఉంది. అంటే 3 వోల్టులు బయట పోయాయి, మిగిలిన 6 వోల్టులు ఈ ఒక్క లైనులోనే పోయాయి.

6ని 6.2తో భాగిస్తే 0.97 ఓమ్. 6ని 6.2తో గుణిస్తే 37 వాట్లు. ఈ వేడి బకెట్‌లోని నీళ్ళకి అందడం లేదు, గోడలో, బోర్డులో పుడుతోంది.

ఇది మామూలేనా కాదా? దానికీ లెక్క ఉంది. 2.5 స్క్వేర్ ఎంఎం (లోపలి రాగి అడ్డకోత వైశాల్యం) రాగి వైరు నిరోధం కిలోమీటరుకి సుమారు 8 ఓమ్‌లు. మెయిన్ బోర్డు నుంచి ఇక్కడికి 15 మీటర్లు, పోనూ రానూ 30 మీటర్లు, కాబట్టి 0.24 ఓమ్. 6.2 ఆంపియర్ల దగ్గర అది ఒకటిన్నర వోల్టులు, 9 వాట్లు, ఆ 9 వాట్లూ 30 మీటర్ల మేరా పరుచుకుంటాయి కాబట్టి చేతికి తెలియను కూడా తెలియదు. మరి మిగతా నాలుగున్నర వోల్టులు? 28 వాట్లు? అవి ఏదో ఒక లూజు స్క్రూ దగ్గర, లేదా టేపు చుట్టి వదిలేసిన జాయింటు దగ్గర, చిటికెన వేలి గోరంత చోట పుడుతున్నాయి. రేడియో రిపేరుకి వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు, దాని మొనకి సీసం కరిగిపోతుంది. అలాంటిది మీ స్విచ్ బోర్డు వెనక, ప్లాస్టిక్ పక్కన, రోజూ పావుగంట పెట్టి ఉంచినట్టు లెక్క.

పైగా అది అక్కడితో ఆగదు. వేడికి స్క్రూ ఇంకాస్త వదులవుతుంది, రాగి నల్లబడుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. ఎంసీబీ (ఆంపియర్లు హద్దు దాటితే లైను ఆపేసే స్విచ్) పడదు, ఎందుకంటే ఆంపియర్లు 6.2 మాత్రమే, అది చూసేది ఆంపియర్లనే. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) కూడా పడదు, కరెంటు ఎక్కడా భూమిలోకి లీక్ అవ్వడం లేదు. దీన్ని పట్టుకునేది ఈ తీసివేత లెక్క ఒక్కటే, లేదంటే కాలిన వాసన.

వీధి వోల్టేజీ దానంతటదే ఎగురుతూ పడుతూ ఉంటుంది కాబట్టి ఒక్కసారి చూసి తీర్మానించకండి, రాడ్డు వేసి ఆపి నాలుగైదు సార్లు చూడండి, ప్రతిసారీ ఇంచుమించు అంతే పడుతుంటే నమ్మొచ్చు. ఒక లోటు కూడా ఉంది, రాడ్డు ప్లగ్గు ఉన్న సాకెట్‌లోనే పట్టు వదులైతే పక్క సాకెట్‌లో పెట్టిన మీటరుకి తెలియదు. దానికి పది నిమిషాలు నడిపి, స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి పిన్నులు పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. వేలు పెట్టలేనంత కాలుతుంటే, లేదా ఒక పిన్ను మాత్రమే గోధుమరంగుకి తిరిగి ఉంటే, సాకెట్ మార్చాల్సిందే, పిన్నుని గరుకు కాగితంతో రుద్ది సరిపెట్టుకోవద్దు. బోర్డు విప్పే పని మెయిన్ ఆపేశాక, తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతనే. మీరు చేయాల్సింది అతనికి ఆ అంకెలు చూపించడం.

ఎస్‌ఆర్ నగర్, అమీర్‌పేట హాస్టళ్ళలో ఉండే పిల్లలకి ప్రత్యేకంగా ఒక మాట. 1500 వాట్ల రాడ్డు 230 వోల్టుల దగ్గర 6.5 ఆంపియర్లు లాగుతుంది, మీరు దాన్ని గుచ్చే ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద 6 ఆంపియర్లు అని ఉంటుంది, దాంట్లోనే ఇంకో మూడు ఫోన్ ఛార్జర్లూ కెటిలూ ఉంటాయి. రాడ్డు, 1500 వాట్ల కెటిల్ ఒకేసారి వేస్తే 13 ఆంపియర్లు. ఆంపియర్లు రెట్టింపైతే వైరులో వేడి నాలుగింతలు అవుతుంది. రాడ్డు 16 ఆంపియర్ల సాకెట్‌లోనే నేరుగా పెట్టండి. స్విచ్ ఆపి ప్లగ్గు పీకే దాకా బకెట్‌లో చెయ్యి పెట్టొద్దు. తడి ఒంటి నిరోధం వెయ్యి ఓమ్‌ల దాకా పడిపోతుంది, 230ని 1000తో భాగిస్తే 0.23 ఆంపియర్, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. మనిషిని కాపాడటానికి పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోయేలా చేస్తారంటే 230 ఎంత ఎక్కువో మీరే చూడండి.

కొత్తగా వైరింగ్ చేయించేవాళ్ళు కరెంటు సామాన్లు దొరికే ట్రూప్ బజార్‌కి వెళ్ళేముందు ఇంట్లో పెద్ద వస్తువుల వాట్లన్నీ రాసుకుని ఒక్కోదాన్నీ 230తో భాగించుకుని వెళ్ళండి. లైట్లు, ఫ్యాన్లకి 1 లేదా 1.5 స్క్వేర్ ఎంఎం, గీజర్‌కి, ఏసీకి విడివిడిగా మెయిన్ నుంచి 2.5 లేదా 4. దూరం ఎక్కువుంటే 4 వైపే మొగ్గండి, వైరు ఒకసారి గోడలో పడ్డాక మళ్ళీ తీయలేం.

12 వోల్టుల పనులు

చిన్న సర్క్యూట్లలో ఈ లెక్క ఇంకా సూటిగా కుదురుతుంది. 12 వోల్టుల అడాప్టర్‌కి ఎర్ర ఎల్‌ఈడీ పెట్టాలి. ఎల్‌ఈడీ దగ్గర 2 వోల్టులు పోతాయి, మిగిలిన 10 రెసిస్టర్ మీద పడాలి, కరెంటు 20 మిల్లీ ఆంపియర్లు చాలు. మిల్లీని ఆంపియర్లలోకి మార్చడం మర్చిపోవద్దు, 0.02. 10ని 0.02తో భాగిస్తే 500 ఓమ్‌లు. షాపులో మామూలుగా 470, 560 దొరుకుతాయి, 560 తీసుకోండి. 10ని 560తో భాగిస్తే 0.018 ఆంపియర్, 10తో గుణిస్తే 0.18 వాట్. పావు వాట్ రెసిస్టర్ సరిపోతుంది కానీ రోజంతా వెలిగేదైతే అర వాట్‌ది వేయండి, చల్లగా ఉంటుంది.

ఇన్వర్టర్ బ్యాటరీది అసలైన భారీ కరెంటు. ఇంట్లో లోడు 600 వాట్లు, బ్యాటరీ 12 వోల్టులు, 600ని 12తో భాగిస్తే 50 ఆంపియర్లు, ఇన్వర్టర్ లోపల నష్టం కూడా వేసుకుంటే 60 అనుకోండి. గీజర్ లాగేదానికి ఏడింతలు. 60ని 60తో గుణిస్తే 3600. టెర్మినల్ దగ్గర తెల్లటి పొడి పట్టి కేవలం 0.01 ఓమ్ చేరినా 36 వాట్ల వేడి అక్కడే. పరీక్ష సులువు, 12 వోల్టులే కాబట్టి షాక్ భయం లేదు, ఉంగరం, కడియం మాత్రం తీసేయండి, ప్లస్ మైనస్ మధ్య లోహం తగిలితే ఎర్రగా కాలిపోతుంది. కరెంటు పోయి లోడు నడుస్తుండగా మల్టీమీటరుని డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక ప్రోబు బ్యాటరీ సీసం పోల్ మీద, ఇంకోటి దానికి బిగించిన కేబుల్ లగ్గు (కేబుల్ చివరి లోహపు ముక్క) మీద ఆనించండి. 0.05 వోల్టుల లోపు ఉంటే బాగున్నట్టే. 0.6 చూపిస్తే, 60 ఆంపియర్లతో గుణించండి, అవే ఆ 36 వాట్లు. ఇన్వర్టర్ ఆపి, ముందు మైనస్ తర్వాత ప్లస్ విప్పి, సోడా ఉప్పు కలిపిన వేడినీళ్ళలో ముంచిన గుడ్డతో ఆ పొడి తుడిచి, ఆరనిచ్చి, ముందు ప్లస్ తర్వాత మైనస్ గట్టిగా బిగించి పైన వాసెలిన్ రాయండి. మళ్ళీ లోడు వేసి అదే చోట కొలవండి, అంకె పడిపోవాలి, పడకపోతే లగ్గు లోపల కేబుల్ క్రింపింగ్ (నొక్కి బిగించిన చోటు) వదులైనట్టు, కొత్త లగ్గు వేయించండి.